దిగడం రాని సైకిలు, డెబ్బై కిలోల పత్తి

కూర్చో. అట్లా గోడకు జారబడి కాదు, సరిగ్గా కూర్చో. చెవుల్లో పెట్టుకున్న ఆ తెల్లగింజలు తీసి పక్కన పెట్టు. పెన్ను పట్టుకున్నావా, రాసుకో. నేను ఇరవై తొమ్మిదేళ్ళు నల్లబల్ల ముందు నిలబడి లెక్కలు చెప్పినదాన్ని. ఏదైనా విడమరిచి చెప్పాలంటే నా నోటికి పాఠం భాషే వస్తుంది, దాన్ని అట్లాగే రాయి. మనుషులు అన్న మాటలు మాత్రం వాళ్ళ నోట వచ్చినట్టే రాయి. దిద్దావంటే రేపు మీ తాత నీ వెనక నిలబడి, "నేనెప్పుడన్న గిట్ల" అని పంచాయతీ పెడతాడు.

ఇప్పుడు నేను చెప్పబోయేది మామూలు తప్పు కాదు. సర్కారు జీతమిచ్చి పెట్టుకున్న ఒక లెక్కల పంతులమ్మ, చలికాలం పొద్దున, జమ్మికుంట పత్తి మార్కెట్ నడిమధ్యన కాంటా మీద నిలబడి, ఒక చిన్న తీసివేత దగ్గర పరువంతా పోగొట్టుకున్న కథ. ఆ పంతులమ్మ నేనే. నవ్వకు, ఇంకా మొదలే కాలేదు.

అప్పుడు మీ అమ్మ ఏడో తరగతి. మా ఊరు జమ్మికుంటకు నాలుగు మైళ్ళు. ఊరి పక్క నుంచి పెద్ద కాల్వ పోయేది. జమ్మికుంటలో దవాఖాన పెట్టుకున్న సరళ డాక్టరమ్మకు ఒక పిచ్చి ఉండేది. కడుపునొప్పి అని పోయినా, కాలునొప్పి అని పోయినా, చెయ్యి పట్టుకోకముందే, "రోజుకు ఎంత దూరం పరుగెత్తుతారు?" అని అడిగేది. మా ఊరి ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, "ఉరుకుడెందుకమ్మా, ఎనుక కుక్క పడ్డదా" అనేవాళ్ళు. ఈ డాక్టరమ్మ ఏదో ఇంగ్లీషు పత్రికలో చూసిందట, ఎక్కడో ఆడవాళ్ళే ఒక పందెం ఆడతారట. ముందు ఈదాలి, ఈది వచ్చిన ఒంటితోనే సైకిలు తొక్కాలి, తొక్కిన కాళ్ళతోనే పరుగెత్తాలి. మధ్యలో ఆగి చాయ్ తాగేది లేదు. దానికి నోరు తిరగని పేరేదో ఉంది. మేము మూడాటల పందెం అన్నాం. కాల్వ ఈది దాటాలి, అక్కడినుంచి సైకిలు మీద జమ్మికుంట మార్కెట్ మలుపు దాకా రావాలి, సైకిలు అక్కడ వదిలేసి ఒక మైలు ఉరికి హైస్కూలు గ్రౌండు చేరాలి. ఏటేటా జనవరిలో పెట్టేది. పంతులమ్మలం, నర్సులు, అంగన్‌వాడీ వాళ్ళు, ఇద్దరు ముగ్గురు కూరగాయలమ్మే ఆడవాళ్ళు, అందరం కలిపి ఎనిమిదిమందో తొమ్మిదిమందో అయ్యేవాళ్ళం.

నేను మొదటి ఏడు నుంచీ ఉన్నాను. మొదటి ఏడు నుంచీ ఆఖరే వచ్చాను. వంతు తప్పకుండా, ఆరేళ్ళు. మాలో ఎవరికైనా పందెంలో ఎన్నో నెంబరు వస్తామో అని గుబులు ఉండేది కానీ, ఆఖరు నెంబరు విషయంలో ఎవరికీ ఫికర్ లేదు. అది నా పేరు మీద పట్టా అయిన భూమి.

ఎందుకు ఆఖరు వచ్చేదాన్నంటావా. మొదటిది, నాకు ఈత మా బాపు నేర్పాడు, మా బాయిలో, నడుముకు బెండ్లు కట్టి. బాయిలో ఈదే మనిషి ఎటు పోతుంది? గుండ్రంగా పోతుంది. గోడ వెంట తిరిగి తిరిగి మెట్ల దగ్గరికే వస్తుంది. నాకు తెలిసిన ఈత అదే. మొదటి ఏడు కాల్వలో దూకి, కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, చేతులు ఆడించి ఆడించి ఒడ్డుకు తగిలి, గెలిచిన ముఖంతో కళ్ళు తెరిచేసరికి ఎదురుగా మా అత్త నిలబడి ఉంది. నేను దూకిన ఒడ్డునే.

"ఏమే పిల్లా, ఏమన్న మరిచిపోయి వచ్చినవా?" అని అడిగింది మా అత్త.

రెండోది సైకిలు. ఇది అసలు రోగం. నాకు సైకిలు తొక్కడం వచ్చు, కానీ దిగడం రాదు. నిజంగానే రాదు. నేను నేర్చుకున్నది మీ తాత సైకిలు మీద. ఆయన ఆరడుగుల మనిషి, సీటు ఆయన ఎత్తుకు ఉండేది, మధ్యలో అడ్డంగా ఇనుప కడ్డీ. మా ఇంటి అరుగు మీద నిలబడి ఎక్కేదాన్ని, వాకిట్లో నాలుగు చుట్లు తిరిగి మళ్ళీ అరుగు పక్కకు తెచ్చి దాని మీద కాలు మోపి దిగేదాన్ని. బ్రహ్మాండంగా ఉండేది. లోకమంతా అరుగులు ఉండవని నాకు పందెం రోజు దాకా తోచలేదు. మొదటి ఏడు మార్కెట్ మలుపు దగ్గర అందరూ దిగి ఉరుకుతుంటే, నేను ఆ ఖాళీ జాగాలో గానుగెద్దు లాగా చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. పద్నాలుగు చుట్లు. చూసేవాళ్ళు లెక్కపెట్టి మరీ అరిచారు. చివరికి మీ తాత వచ్చి వెనక క్యారియర్ పట్టి ఆపితే దిగాను.

ఆ తర్వాత డాక్టరమ్మ ఒక నియమం పెట్టింది. పందెంలో మగవాళ్ళు ఎవరి మీదా చెయ్యి వెయ్యరాదు, ఒక్క నా సైకిలు ఆపడానికి తప్ప. జనం క్షేమం కోసం అంది. అట్లా ఏటేటా మీ తాత మలుపు దగ్గర నిలబడేవాడు. ఆయన లేగదూడలను పట్టే మనిషి, కాబట్టి పట్టడం బాగానే పట్టేవాడు. తప్పు నాదే. ఆయన క్యారియర్ అందుకోగానే, "ఇడువుండ్రి, ఇడువుండ్రి, పడ్త" అని మొత్తుకునేదాన్ని. ఆయన పాపం, పెళ్ళాం మాట వినే మనిషి, వదిలేసేవాడు. నేను పడేదాన్ని. లేచి, దులుపుకుని, ఆయన మీద కోపం అంతా వెళ్ళగక్కి, కుంటుకుంటూ గ్రౌండు చేరేసరికి అక్కడ బల్లలు ఎత్తేసేవాళ్ళు.

అట్లా ఆరేళ్ళు గడిచాయి. ఏడో ఏడు మాత్రం నవ్వులాట కాదు. మా ఊరి బడి ఏడో తరగతితో ఆఖరు. ఎనిమిది చదవాలంటే మీ అమ్మ జమ్మికుంట పోవాలి. బస్సు పొద్దున ఒకటి, పొద్దుగూకినాక ఒకటి. సైకిలు ఉంటే తప్ప చదువు లేదు. ఇంట్లో ఏది కొనాలన్నా మా అత్త ఊ అనాలి. నేను రొట్టెలు చేస్తూ మెల్లగా కదిలించాను.

"అత్తా, పద్మకు సైకిల్ కొందాం."

"ఎందుకు?"

"జమ్మికుంట బడికి పోవద్దా మరి."

మా అత్త తమలపాకుకు సున్నం రాస్తూ నా వైపు చూడను కూడా చూడలేదు. "దాని అవ్వకే దిగరాదు. గా పొల్ల నాలుగు మైళ్ళు ఒక్కతే పోయి, దిగరాక హుజూరాబాద్ దాక పోతే ఎవలు తెస్తరు?"

"దానికి వస్తదత్తా, పిల్లలకు జల్ది వస్తది."

"గట్లనా. నీకు రానిది నీ బిడ్డకెట్ల వస్తదే. ఏడు సదివింది, ఉత్తరం రాయొస్తది, సాలు."

నా చేతి కింద చదివి ఎంతమంది ఆడపిల్లలు ఎనిమిదికి పోయారు, నా పిల్ల పోదా. "నాకు రాదని ఎవలన్నరు? గీసారి సూడు, నేను ఆఖరు రాను" అన్నాను. ఎందుకన్నానో తెలియదు, నోరు అట్లాంటిది.

మా అత్త తమలపాకు నోట్లో పెట్టుకుని నింపాదిగా నమిలింది. "సరే. నువ్వు గీసారి ఆఖరు రాకుంటే పొల్లకు సైకిల్ నేనే కొనిపిస్త. ఆఖరొస్తే మాత్రం, గా ముచ్చట మల్ల నా ముంగట తేవద్దు."

తలుపు చాటున మీ అమ్మ నిలబడి వింటోందని నాకు రొట్టె మాడిన వాసన వచ్చినప్పుడు, అటు తిరిగితే, తెలిసింది. ఆ కళ్ళు చూస్తే ఎవరికైనా ఈత దానంతట అదే వస్తుంది.

ఇక చూసుకో నా తయారీ. నెలరోజులు కాల్వలో ఒడ్డు మీది తాటిచెట్టునే చూస్తూ ఈదడం నేర్చుకున్నాను, కళ్ళు తెరిచి. సైకిలు దిగడం కూడా నేర్చుకుందామని ఒక ఆదివారం పోయాను, మోచెయ్యి చర్మం ఊడొచ్చింది, ఆ పని మీ తాతకే అప్పగించాను. పందెం ముందురోజు ఆయనను కూర్చోబెట్టి, నీకు చెప్పినట్టే విడమరిచి చెప్పాను.

"ఇగో, జర మనసు పెట్టి ఇనుండ్రి. రేపు నెత్తికి ఎర్ర రుమాలు కట్టుకొని వస్త. ఎర్ర రుమాలు కనవడంగనే క్యారియర్ అందుకోవాలె."

"సరే."

"నేను మొత్తుకుంట. ఇడువుమంట. తిడ్త గూడ. మీరు ఇడువద్దు."

"తిడ్తే గూడ ఇడువద్దా?"

"కొట్టినా ఇడువద్దు. సైకిల్ కదలకుంట నిలబడేదాక, నేను దిగి ఉరికేదాక, పట్టు ఇడువద్దు. పద్మ సదువు మీ చేతుల ఉన్నది."

మీ తాత రెండు అరచేతులూ చూసుకుని తల ఊపాడు. బిడ్డా, ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తు. యుద్ధానికి పోయే మనిషి ముఖం.

పందెం పొద్దున చలి ఎట్లా ఉందంటే, మాట్లాడితే నోట్లోంచి పొగ వచ్చేది. మా అత్త, ఏమనుకుందో ఏమో, వెచ్చబెట్టిన ఆముదం తెచ్చి నా చేతులకు, కాళ్ళకు, మెడకు, నెత్తికి గిన్నెడు పట్టించింది. "గెలువు, ఓడిపో, సలివెట్టి సావకు" అంది. మీ తాత పైజామా, మీ తాత లాల్చీ వేసుకుని, నెత్తికి ఎర్ర రుమాలు కట్టుకుని, మెరుగు పెట్టిన ఇత్తడి బిందె లాగా మెరుస్తూ కాల్వ ఒడ్డున నిలబడ్డాను. మీ తాత, మీ అమ్మ అప్పటికే జమ్మికుంట మలుపు దగ్గరికి పోయారు. మా అత్త ఎడ్లబండి మీద గ్రౌండుకు బయలుదేరింది.

అప్పుడు డాక్టరమ్మ ఒక సంచి పట్టుకుని వచ్చింది. "ఈసారి అందరికీ ఒక కొత్త ఏర్పాటు. నీళ్ళల్లో తలకాయలు కనబడాలి కదా" అని సంచిలోంచి తీసి ఒక్కొక్కరి నెత్తికి కట్టింది. ఎర్ర రుమాళ్ళు. నేను కాక మిగతా ఎనిమిదిమందికీ.

నాకు అప్పుడు ఏమీ తట్టలేదు. నాకు ముందే ఉంది, నాకు వద్దు అని గర్వంగా కూడా అన్నాను. కాల్వ సగం ఈదినాక, చుట్టూ నీళ్ళ మీద ఎర్ర తలకాయలు మిరపపండ్లు తేలినట్టు తేలుతుంటే, అప్పుడు తట్టింది. కాల్వ మధ్య నుంచి నాలుగు మైళ్ళ అవతల ఉన్న మొగునికి ఏమని చెబుతాం? చేతులు ఆడించాను. ఆ భయానికి నేను ఆ ఏడు మూడోదాన్నై ఒడ్డు చేరాను, నిజం.

ఒడ్డున గట్టు మీద నుంచి సైకిలు ఎక్కాను. తడి లాల్చీ, ఒంటినిండా ఆముదం, చలిగాలి. తొక్కుతూ ఒకటే అనుకున్నాను, ఆయన నా ముఖం చూసి గుర్తుపడతాడులే, పద్దెనిమిదేళ్ళ సంసారం. నా ముందు ఇద్దరు పోతున్నారు, వాళ్ళు పాల సైకిళ్ళ మీద దూసుకుపోయే రకం, వాళ్ళను ఎవరూ పట్టలేరు. నా వెనక కొంచెం దూరంలో నర్సు రోజమ్మ. రోజమ్మ నా వయసుదే, నా ఒళ్ళే, కానీ గొంతు మాత్రం దవాఖానలో ఆ చివర సూది వేస్తే ఈ చివర పేషెంట్లు లేచి కూర్చునే గొంతు. మలుపుకు ముందు చిన్న ఎత్తు ఉంది. అక్కడ నేను రొప్పుతుంటే రోజమ్మ నన్ను దాటింది. దాటుతూ, "మెల్లగ రా అక్కా, దిగుడు నీకు ఎట్లాగూ రాదు" అంది.

ఎత్తు దిగాక మలుపు. అక్కడ మీ తాత, కాళ్ళు ఎడంగా పెట్టి, చేతులు చాచి, కళ్ళు చిన్నవి చేసి చూస్తున్నాడు. ముందు పోయిన ఇద్దరూ ఆయన చేతికి అందకుండా జారిపోయారు, ఆ వెనక వచ్చిన ఎర్ర రుమాలు రోజమ్మది. ఆయన ఒక్క దూకు దూకి రోజమ్మ క్యారియర్ అందుకున్నాడు.

"ఎవడ్రా అది, ఇడువు" అంది రోజమ్మ.

"ఇడువ" అన్నాడు మీ తాత.

"ఇడువుమంటే ఇడువవేంది, ఏమైంది నీకు?"

"తిట్టు. నువ్వు తిడ్తవని నాకు ముందే ఎరుక. ఇడువ."

నేను వాళ్ళ పక్కనుంచే పోతున్నాను. "గది నేను కాదు, నేను ఈడున్న" అని అరిచాను. ఆయన తల కూడా ఎత్తలేదు. పట్టు మీద అంత ధ్యాస. ఇక నా సైకిలు ఆగే దారి లేదు. మలుపు అవతల రోడ్డు పల్లంగా ఉంది. పల్లం చివర మార్కెట్ యార్డు గేటు, బార్లా తెరిచి ఉంది. గేటు లోపల, ఎదురుగా, ఎడమన, కుడిన, ఎటు చూసినా పత్తి కుప్పలు, తెల్లగా, మెత్తగా, ఇంటి కప్పుల ఎత్తు. ఆ క్షణంలో నాకు అవి కుప్పల్లాగా కనబడలేదు బిడ్డా. అరుగుల్లాగా కనబడ్డాయి.

కళ్ళు తెరిచే పోయాను. నెల రోజులు నేర్చుకున్నాను కదా.

కుప్పలో సైకిలు సగం దూరింది, నేను పూర్తిగా దూరాను. లోపల వెచ్చగా, నిశ్శబ్దంగా, చాలా హాయిగా ఉంది. నిజం చెప్పాలంటే సైకిలు మీంచి నేను దెబ్బ తగలకుండా దిగింది ఆరోజే. ఎవరో నా కాలు పట్టుకుని బయటికి లాగారు. లేచి నిలబడ్డాను. అందరూ రెండడుగులు వెనక్కి వేశారు. తడి లాల్చీ, ఆముదం, దాని మీద పత్తి. ముక్కు, రెండు కళ్ళు తప్ప నేను ఎక్కడా లేను.

"గిదేం జంతువే" అన్నాడు కుప్ప ఆసామి. పేరు ఓదెలు.

"మనిషే. కాళ్ళకు చెప్పులున్నయ్" అంది ఆయన భార్య లచ్చవ్వ.

నేను దండం పెట్టాను. "అన్నా, నేను పంతులమ్మను. పందెంల ఉన్న. జర పోనియ్యి, మల్లొచ్చి మాట్లాడ్త."

"పోతవమ్మా, ఎందుకు పోవు. నా పత్తి నీ మీదున్నది గదా, గదెట్ల?"

దులుపుకున్నాను. రాలితే కదా. ఆముదం పట్టిన పత్తి చర్మం కంటే గట్టిగా అంటుకుంది. గేటు బయట రోడ్డు మీద ఎర్ర రుమాళ్ళు ఒక్కటొక్కటే ఉరుకుతూ పోతున్నాయి. మూడు, నాలుగు.

"ఎంత పోయిందో గంత తెచ్చిస్త. మాటంటే మాట."

"ఎంత పోయిందని తెస్తవ్?"

పక్కనే తూకం వేసే మల్లేశం నిలబడి ఉన్నాడు, అప్పటిదాకా బీడీ కాలుస్తూ ముచ్చటగా చూస్తున్నాడు. ఇప్పుడు బీడీ ఆర్పాడు. "గింత లొల్లెందుకు. కాంటా ఉన్నది గదా. ఎక్కమను" అన్నాడు.

ఎక్కాను. ఆలస్యం చేసే టైము కాదు. మార్కెట్‌లో ఒక పద్ధతి ఉంది, కాంటా ఎంత చూపిస్తే అంత గట్టిగా మూడుసార్లు చెప్పాలి, కొనేవాళ్ళు అమ్మేవాళ్ళు అందరూ వినాలి. మల్లేశం ఆ పద్ధతి తప్పే మనిషి కాదు.

"డెబ్బై, డెబ్బై, డెబ్బయ్యే" అని పాడాడు. యార్డు ఆ చివర ఎడ్లు కూడా తల తిప్పాయి. ఆ యార్డులో సగం మంది నా బడి పిల్లల తల్లిదండ్రులు.

"ఇగ నీ అసలు బరువెంతనో చెప్తే, తీసేస్తే పత్తి ఎంతనో ఎళ్తది" అన్నాడు మల్లేశం.

ఇక్కడ, బిడ్డా, ఇక్కడ పెద్ద అక్షరాలతో రాయి. అందరూ నా వైపు చూస్తున్నారు. నలభై మంది మగవాళ్ళు, ఇరవై మంది ఆడవాళ్ళు. వాళ్ళ ముందు నా నోటి నుంచి ఒక అంకె వచ్చింది.

"యాభై అయిదు" అన్నాను.

ఏ ఆడదాన్నయినా అడుగు, అదే చెబుతుంది. కానీ ఏ ఆడదీ కాంటా మీద నిలబడి చెప్పదు. రోజూ పిల్లలకు తీసివేతలు నేర్పే మనిషికి ఆ తర్వాతి వరుస కనబడలేదు. ఓదెలుకు కనబడింది.

"పదిహేను కిలోలు" అని నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు. "పదిహేను కిలోల పత్తి మీదేసుకొని ఉరుకుతదట. గిదేం పందెమమ్మా, బస్తాలు మోసే పందెమా?"

"గంత ఉండదన్నా" అన్నాను.

"లెక్క నువ్వే చెప్తివి గదా. పంతులమ్మవు. తప్పు చెప్తవా?"

గేటు బయట అయిదో రుమాలు పోయింది, ఆరోది పోయింది. లచ్చవ్వ నా చుట్టూ ఒక చుట్టు తిరిగింది. జీవితమంతా పత్తి ఏరిన చేతులు అవి. నా భుజం మీద ఒకసారి, నడుం మీద ఒకసారి ఒత్తి చూసింది. భర్త వైపు తిరిగి, "గీమె మీద అద్దకిలో గూడ లేదు. మిగిలిందంత గీమెనే" అంది.

యార్డు యార్డంతా నవ్వింది. నేను పత్తి లోపల ఎర్రబడ్డాను, ఎవరికీ కనబడలేదు, అదొక్కటే పత్తి చేసిన మేలు.

మల్లేశం మాత్రం నవ్వలేదు. "గట్ల కాదు. కాంటా తప్పన్నా కావాలె, గీమె తప్పన్నా కావాలె. నా కాంటా తప్పు కాదు. నిజం చెప్పమ్మా, ఎంతున్నవ్?"

ఏడో రుమాలు పోయింది. ఇక మిగిలింది రోజమ్మ ఒక్కతే, ఇంకా మీ తాత పట్టులో ఉన్నట్టుంది, ఆమె గొంతు మలుపు నుంచి ఇక్కడిదాకా వినబడుతోంది. ఆ గొంతు ఆగిందంటే నా పని అయిపోయినట్టే. నాకు రొట్టె మాడిన రోజు మీ అమ్మ కళ్ళు కనబడ్డాయి.

"అరవై తొమ్మిదిన్నర" అన్నాను.

"ఎంత?"

"అరవై తొమ్మిదిన్నర."

"అరవై తొమ్మిదిన్నర, అరవై తొమ్మిదిన్నర, అరవై తొమ్మిదిన్నరే" అని పాడాడు మల్లేశం. పద్ధతి పద్ధతే.

లచ్చవ్వ నన్ను కాంటా మీంచి చెయ్యి పట్టి దింపింది. "ఎందుకు గింత పరేషాన్ అవుతున్నవ్ బిడ్డా, గెలిస్తే ఏమిస్తరు?" అని అడిగింది.

"నాకేమియ్యరు. ఆఖరు రాకుంటే నా బిడ్డకు సైకిల్ కొనిపిస్తనన్నది మా అత్త. సైకిల్ లేకుంటే పొల్ల సదువు ఆగుతది."

లచ్చవ్వ మొగుని వైపు చూసింది. ఓదెలు ఆకాశం వైపు చూశాడు. "ఉరుకు మరి, నిలబడి ముచ్చట చెప్తవేంది" అన్నాడు. "అద్దకిలో నా సదివింపు అనుకో. సైకిల్ ఈడనే ఉంటది తియ్యి."

ఉరికాను. బిడ్డా, నేను అట్లా ఎన్నడూ ఉరకలేదు. రోడ్డు పొడుగునా నా వెనక పత్తి పింజలు ఎగురుతున్నాయి. ఒక గొర్లకాపరి నన్ను చూసి తన మందను లెక్కపెట్టుకున్నాడు. గ్రౌండులో అడుగుపెట్టేసరికి డాక్టరమ్మ పుస్తకంలో రాసుకోవడం ఆపి, కళ్ళద్దాలు తుడుచుకుని, "ఎవరండీ మీరు?" అని అడిగింది.

"నేనే డాక్టరమ్మా, సుశీలను. ఎన్నోది?"

"ఎనిమిది."

ఎనిమిది. తొమ్మిదిలో ఎనిమిది. నేను మా అత్త కూర్చున్న కుర్చీ ముందుకు పోయి నిలబడ్డాను. ఎనిమిది వేళ్ళు చూపించాను. మా అత్త నా వైపు కిందికీ మీదికీ చూసి, "ఎనిమిదో, ఎన్నోదో, ముందుగాల నువ్వు మా కోడలివేనా చెప్పు" అంది.

ఆ సంతోషం ఎంతసేపు? రోజమ్మ వచ్చేదాకా. ఆమె వెనకే మీ తాత, చేతులు జోడించుకుని ఉరుకుతూ వచ్చాడు.

"డాక్టరమ్మా, గీయన నన్ను ఇడువకపాయె" అంది రోజమ్మ. "దిగుతనంటే 'నీకు దిగరాదు, పడ్తవు' అని దిగనియ్యకపాయె. తిట్టిన, మొత్తుకున్న, రెండేసిన గూడ. ఎంత కొడితే గంత గట్టిగ పట్టుకుంటడు."

"కొట్టినా ఇడువద్దని చెప్పింది" అన్నాడు మీ తాత.

"ఎవలు?"

మీ తాత నా వైపు చూపించబోయి, నన్ను గుర్తుపట్టక, చుట్టూ వెతికాడు. "మా ఇంటామె. యాడున్నదో ఏమో."

"నేనే" అన్నాను.

డాక్టరమ్మ ఇద్దరి మాటా విని, పుస్తకంలో ఏదో కొట్టేసింది. "నియమం నియమమే. మీ మనిషి రోజమ్మను ఆపాడు కాబట్టి రోజమ్మ ఎనిమిది. మీరు తొమ్మిది. ఏమనుకోకండి సుశీల గారూ" అంది.

నేను అక్కడే కూలబడ్డాను. ఏడుపు వచ్చింది. ఏడిస్తే కళ్ళ కింది పత్తి తడిసి మరింత అంటుకుంది. మా అత్త తమలపాకు తీసి సున్నం రాయడం మొదలుపెట్టింది. అదే ఆమె తీర్పు.

అప్పుడు గ్రౌండు గేటు దగ్గర గంట మోగింది. సైకిలు గంట. మా సైకిలు, మీ తాత సైకిలు, చువ్వల నిండా పత్తి. దాని మీద మీ అమ్మ. సీటు అందదు కాబట్టి కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, ఒక పక్కకు వంగి కైంచి తొక్కుతూ వస్తోంది. మలుపు దగ్గర నేను గేట్లోకి దూరిపోవడం చూసి నా వెనక యార్డులోకి వచ్చిందట, ఆ జనంలో నాకు కనబడలేదు. నేను పోయాక లచ్చవ్వ సైకిలు లాగి ఇచ్చిందట. నేను అడ్డుపడదామని లేచాను. నాకు తెలుసు కదా తర్వాత ఏమవుతుందో. మీ తాత రెండు చేతులూ చాచి ముందుకు దూకాడు.

"బాపూ, నువ్వు పట్టకు" అంది మీ అమ్మ.

మీ అమ్మ నేరుగా మా అత్త కుర్చీ ముందుకు వచ్చి, బ్రేకు నొక్కి, కడ్డీ కింద నుంచి కాలు తీసి, నేల మీద పెట్టి, దిగింది. అంతే. వడియం పెట్టినంత తేలిక. స్టాండు కూడా వేసింది.

మా అత్త నోట్లోకి పోతున్న తమలపాకు ఆగిపోయింది.

"దిగుడు గూడ వచ్చునా నీకు?"

"వచ్చు నాయనమ్మా. బడి నుంచొచ్చి అవ్వ పండుకున్నప్పుడు రోజు తొక్కుత."

"ఎవలు నేర్పిండ్రు?"

"ఎవలు నేర్పలే" అంది మీ అమ్మ. "అవ్వను సూసి నేర్సుకున్న. అవ్వ ఏం జేస్తదో గది జేయకుంటే, దిగుడు దానంతట గదే వస్తది."

గ్రౌండంతా నవ్వింది. రోజమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది, ఆ గొంతుతో. మా అత్త పెదవి మీద సున్నం చుక్కతోనే, "పొల్లకు సైకిల్ రేపే తెండ్రి" అని మీ తాతతో అంది. నా వైపు తిరిగి, "ఆఖరొస్తే ముచ్చట తేవద్దన్న. నువ్వు తేలే. అదే తెచ్చింది" అంది.

ఆ గ్రౌండులోనే, ఒంటి మీద ఓదెలు సదివించిన అద్దకిలో పత్తితో, తూర్పు ముఖంగా నిలబడి నేను ఒట్టు పెట్టుకున్నాను. ఈ కట్టె కాలేదాకా కాంటా మీద నిలబడి నా బరువు గురించి అబద్ధమాడను. కాంటా దిగినాక సంగతి వేరు, అది ఒట్టులో లేదు. ఆ ఒట్టు ఇప్పటికీ తప్పలేదు, ఎందుకంటే ఆ తర్వాత నేను ఏ కాంటా ఎక్కలేదు.

పందెం మాత్రం మానలేదు, డాక్టరమ్మ ఊరు మారేదాకా ఏటేటా పోయాను. మరి దిగడం నేర్చుకున్నావా అని అడగబోతున్నావు, నీ ముఖం చూస్తే తెలుస్తోంది. నేర్చుకున్నాను. మీ అమ్మే నేర్పింది, నెల రోజులు, బెత్తం పట్టుకుని. రాసుకో, నీకూ పనికొస్తుంది. ముందు బ్రేకు మెల్లగా నొక్కాలి. ఎడమకాలు పెడలు మీదనే ఉంచాలి. కుడికాలు వెనక నుంచి తిప్పి ఇవతలికి తేవాలి. ఇప్పుడు మనిషి మొత్తం ఒక్క కాలి మీద గాలిలో ఉంటుంది, భయపడకూడదు, అప్పుడు ఒళ్ళంతా కొంచెం వెనక్కి వాల్చి, కుడికాలు నేల వైపు

"అవ్వా, రొట్టెలు సల్లారుతున్నయ్. ఇంకెంతసేపు పిలువాలె?"

వస్తున్ననే పద్మా, గీ ఒక్క కాలు కింద పెట్టి